ఎత్తకూడని చేతులు

పోయిన వారం మనం ఆగిన చోట సంగియం పంతులమ్మగారి వరండాలో అన్నం వడ్డించి ఉంది. భిక్షువు మొదటి ముద్ద ఎత్తాడు, ఇంకా నోట పెట్టుకోలేదు. అప్పుడే కాలవ మలుపులోంచి మోటారు లాంచి చప్పుడు వినపడింది. ఆ ఏడు ఆంఫవా కాలవ మీద పెట్రోలు పోసుకుని తిరిగే లాంచి ఒక్కటే ఉండేది. అది జపాన్ మిలిటరీ పోలీసులది. ఆ చప్పుడు వింటే చాలు, ఒడ్డున గిన్నెలు తోముకునే ఆడవాళ్ళు గిన్నెలు అక్కడే వదిలేసి లోపలికి పోయేవాళ్ళు.

భిక్షువు సంగతి మరిచిపోయినవాళ్ళకీ, ఈ వారమే పత్రిక చేతపట్టినవాళ్ళకీ రెండు ముక్కలు చెప్పి ముందుకు పోతాను. అతని పేరు పియన్, సంగియంగారి బళ్ళో చదువుకున్నవాడు. తల్లీ తండ్రీ లేని పిల్లవాడు, ఆవిడ ఇంట్లోనే అన్నం తిని పెరిగాడు. పన్నెండో ఏట విషజ్వరం వచ్చి బతికి బట్టకట్టాక, ఎవరో మేనత్త ఊడిపడి, జాతకాలవాడి మాట విని పేరు మార్పించి, బాంకాక్ తీసుకుపోయింది. ఆ కొత్త పేరుతోనే సర్కారు ఖర్చు మీద ఇంగ్లండు వెళ్ళాడు. అక్కడ ఉండగానే మన థాయి ప్రభుత్వం జపాన్‌వాళ్ళ పక్కన చేరి ఇంగ్లండు మీదా అమెరికా మీదా యుద్ధం ప్రకటించింది. అమెరికావాళ్ళు ఆ కాగితం తమకి అందనే లేదని ఊరుకున్నారు. ఇంగ్లీషువాళ్ళు ఊరుకోలేదు. "మీరు మా శత్రువులా, మిత్రులా ముందు తేల్చండి" అని కూర్చున్నారు. తేల్చడానికి పియన్‌లాంటి కుర్రాళ్ళు స్వేచ్ఛా థాయి దళంలో చేరారు. ఏడాది పాటు వాళ్ళ సైన్యంలో బంగాళాదుంపలు తవ్వి, చివరికి విమానంలోంచి దూకి ఇంటికొచ్చారు.

పియన్ తెచ్చింది తుపాకీ కాదు, ఒక మాట. సింహళంలోని క్యాండీలో కూర్చున్న మిత్రదేశాల పెద్దలు చెప్పి పంపిన మాట. "లేవకండి. మేం చెప్పేదాకా ఆగండి. ముందే లేస్తే మా విమానం ఒక్కటి కూడా సాయం రాదు." బాంకాక్‌లో మనవాళ్ళేమో శుక్రవారం తెల్లవారకముందే జపాన్‌వాళ్ళ మీదికి లేవాలని ముహూర్తం పెట్టుకుని కూర్చున్నారు. అక్కడి రహస్య రేడియో తొమ్మిది రోజులుగా పలకడం లేదు. ఇవాళ బుధవారం. మధ్యాహ్నం రెండింటికి పియన్ మేక్లోంగ్ స్టేషనులో రైలెక్కితే ఆ మాట చేరుతుంది. ఎక్కకపోతే వేలమంది పాత తుపాకులు పట్టుకుని జపాన్ ఫిరంగుల ముందుకి నడుస్తారు.

ఇక ఆ కాషాయం సంగతి. విహారంలో పెద్ద స్వామివారిని కాషాయం అడిగితే, "నాటకాలకి ఇవ్వడానికి ఇదేం అద్దె బట్ట కాదు. కట్టుకోవాలంటే నిజంగా సన్యాసం పుచ్చుకో" అని పట్టుబట్టి, గుండూ కనుబొమలూ గొరిగించి, పన్నెండు రోజుల కిందట దీక్ష ఇచ్చేశాడు. కనక అది వేషం కాదు. పియన్ ఇప్పుడు నిఖార్సయిన భిక్షువు. అబద్ధం ఆడటానికి వీల్లేదు. రెండున్నరేళ్ళ కిందట బాన్‌పోంగ్‌లో ఒక జపాన్ సైనికుడు భిక్షువు చెంప పగలగొట్టి ఊరిని తన మీదికి తెచ్చుకున్నాక, కాషాయం మీద చెయ్యి వేయాలంటే వాళ్ళ పైవాళ్ళు గట్టి రుజువు అడుగుతున్నారు. పియన్‌కి ఉన్న రక్షణంతా అదే.

సరే, లాంచి దగ్గరికొచ్చింది.

ముందు దిగినవాడు మన పోలీసు హెడ్డు తోంగ్‌యూ. మెట్ల పక్కన గుంజకి తాడు కట్టబోయాడు. ముడి జారింది. మళ్ళీ కట్టాడు, మళ్ళీ జారింది. పుట్టిన దగ్గర్నించీ కాలవ మీద బతికినవాడికి పడవ కట్టడం చేతకాకపోవడం చూసి సంగియంగారికి ఏదో కీడు తోచింది. లాంచి వెనక సగం మీద టార్పాలిన్ కప్పి ఉంది. ఎండ లేదు, వాన ఇంకా రాలేదు. ఎందుకు కప్పారో అని ఒక్క క్షణం అనుకుని, ఆ సంగతి వదిలేసింది.

తోంగ్‌యూ వెనక లెఫ్టినెంట్ నిషివాకి దిగాడు. బూట్లు విప్పి మెట్టు మీద పక్కపక్కన పెట్టాడు. జాడీలోంచి కొబ్బరి చిప్పతో నీళ్ళు ముంచుకుని కాళ్ళు కడుక్కున్నాడు. ఆ తర్వాతే పైకొచ్చాడు. మామూలు సైనికుడైతే బూట్లతోనే తొక్కుకుంటూ వచ్చేవాడు. అలా వచ్చినా బాగుండునని సంగియంగారికి అనిపించింది.

ఈ నిషివాకి మాకు కొత్తవాడు కాదు. యుద్ధానికి ముందు పదేళ్ళు మేక్లోంగ్ బజారులో ఫొటో స్టూడియో పెట్టుకుని బతికాడు. పెళ్ళిళ్ళకీ, దీక్షలకీ, దహనాలకీ అతనే ఫొటోలు తీసేవాడు. పిల్లలు "ఫొటో బాబాయ్, ఫొటో బాబాయ్" అని వెంటపడేవాళ్ళు. యుద్ధం మొదలైన పొద్దున అతను స్టూడియో తలుపు తీసుకుని మిలిటరీ దుస్తుల్లో బయటికొస్తే, చూసినవాళ్ళు అది కూడా ఏదో ఫొటో కోసమేననుకున్నారు.

"దండాలు పంతులమ్మగారూ," అన్నాడు నవ్వుతూ. "బాగా చిక్కిపోయారే!"

"మీ సైన్యం తింటోంది కదా నాయనా. మేం చిక్కకపోతే ఎలా?"

నిషివాకి గట్టిగా నవ్వాడు. "మనిషి చిక్కినా నోరు చిక్కలేదు."

"అమ్మగారి నోటి సంగతి నన్నడగండి," అన్నాడు తోంగ్‌యూ చెమట తుడుచుకుంటూ. "ఆ మధ్య ఆడవాళ్ళు టోపీ లేకుండా వీధిలోకి రాకూడదని హుకుం వచ్చినప్పుడు కేసు రాయడానికి వచ్చాను. ఈవిడ నా పలక మీద నాలుగు తప్పులు దిద్ది పంపించింది."

"పలక కాదురా, పోలీసు పుస్తకం," అంది సంగియం. తను కూడా నవ్వింది.

నిషివాకి భిక్షువుకి మూడుసార్లు నేల మీదికి వంగి మొక్కాడు. అరికాళ్ళు భిక్షువు వైపు రాకుండా ఒక పక్కకి ముడుచుకుని కూర్చున్నాడు. "స్వామివారిని భోంచెయ్యనివ్వండి. నాకేం తొందర లేదు," అన్నాడు.

పియన్ తల ఎత్తలేదు. వేయించిన ప్లా-తూ చేప ముక్క, రొయ్యల పచ్చడి, అన్నం, ఒక్కో ముద్దే నిదానంగా నమిలాడు. కనుబొమలు లేని ఆ ముఖంలో ఏ భావమూ కనపడదు. అదొక్కటే సంగియంగారికి కొంచెం ధైర్యం.

"ఏ వూరు స్వామివారిది?" అని అడిగాడు నిషివాకి, ఏదో మాటవరసకి అడిగినట్టు.

"నాకేం తెలుసు? విహారంలో కొత్తగా చేరారట. ఇవాళ మా అబ్బాయి పేర అన్నం పెడతానంటే పెద్ద స్వామివారు ఈయన్ని పంపారు. నేను చూడటం ఇదే మొదటిసారి."

అబద్ధం అంత సులువుగా నోట్లోంచి వస్తుందని ఆవిడ ఎప్పుడూ అనుకోలేదు. ముప్పయ్యేళ్ళు పిల్లల్ని అబద్ధాలాడొద్దని చేతులు వాచేలా కొట్టిన మనిషి.

"అబ్బాయి పేర," అన్నాడు నిషివాకి. "బున్‌రోద్ కదూ? ఉత్తరాదికి సైన్యంతో వెళ్ళాడు. బర్మా వైపు షాన్ కొండల్లోకి. ఏమైనా తెలిసిందా?"

"రెండేళ్ళయింది ఉత్తరం లేక. బుధవారం పుట్టాడు. అందుకే బుధవారం బుధవారం పెడుతున్నాను. బతికుంటే వాడికి మంచి జరుగుతుంది. పోయుంటే ఈ పుణ్యం అక్కడికే చేరుతుంది."

నిషివాకి తల పంకించాడు.

భోజనం అయింది. పియన్ గొంతు సవరించుకుని పాలీ ఆశీర్వచనం మొదలెట్టాడు. సంగియంగారు చిన్న కంచు చెంబులోంచి సన్నని ధారగా నీళ్ళు వంచుతూ కొడుకు పేరు మనసులో చెప్పుకుంది. ధార తెగకూడదు. తెగలేదు. మూడుసార్లు మొక్కింది. ఇక అతను లేచి, మెట్లు దిగి, చిన్న పడవెక్కి, ఆటు మీద తెడ్డు వేసుకుంటూ పోతే చాలు. ఇంకో గంటలో పోటు తిరుగుతుంది. ఆ తర్వాత ఎదురు నీళ్ళలో రెండింటికి స్టేషను చేరడం వట్టి మాట.

పియన్ లేచాడు. భిక్షాపాత్ర భుజాన వేసుకుని మెట్ల దగ్గరికొచ్చాడు. పైమెట్టు మీద నాచు పట్టి నున్నగా మెరుస్తోంది. సంగియంగారి చూపు ఆ నాచు మీద పడింది. ఆలోచించకుండా, ముప్పయ్యేళ్ళు సాయంత్రం గంట కొట్టగానే బడి మెట్ల మీద నిలబడి అన్న మాటే, అదే గొంతుతో అనేసింది.

"మెట్లు జారతాయి. చూసుకుని దిగండి."

పియన్ టక్కున ఆగాడు. వెనక్కి తిరిగాడు. రెండు చేతులూ ఛాతీ దాకా లేచి జోడించుకున్నాయి, తల వంగింది. బడి వదిలాక ప్రతి సాయంత్రం ఆరేళ్ళ పాటు వంగినట్టే వంగింది.

రెప్పపాటు కాలం. అంతే. చేతులు మళ్ళీ దిగిపోయాయి. కానీ ఇంకేం లాభం! మా దేశంలో భిక్షువు రాజుగారికైనా దండం పెట్టడు. కన్నతల్లి వచ్చి కాళ్ళ మీద పడినా చేతులెత్తడు. ఎత్తకూడదు. చెంబులో ఏమైనా నీళ్ళు మిగిలాయేమో తెలియదు కానీ, సంగియంగారి ఒంట్లో రక్తం మాత్రం ఒక్క చుక్క మిగల్లేదు.

"స్వామీ," అన్నాడు నిషివాకి నెమ్మదిగా. "ఒక్క నిమిషం కూర్చోండి."

తోంగ్‌యూ గబగబా అందుకున్నాడు. "కొత్త స్వామి కదండీ, అలవాటు కాలేదు పాపం. నేను దీక్ష పుచ్చుకున్నప్పుడు మూడు రోజుల పాటు మా ఆవిడకి దండాలు పెట్టాను. దీక్ష వదిలి ఇరవయ్యేళ్ళయినా ఇంకా పెడుతూనే ఉన్నాననుకోండి."



"కొత్తవాళ్ళు పొరపాట్లు చేస్తారు, నిజమే," అన్నాడు నిషివాకి. "కానీ ఎవరికి పడితే వాళ్ళకి చెయ్యరు హెడ్డుగారూ. మెట్లు జారతాయి అన్న మాట నేను కూడా ఎరుగుదును. మీ బడి మెట్ల దగ్గర కెమెరా సర్దుకుంటూ ఏటేటా విన్నాను. ఆ మాటకి పిల్లలంతా ఒక్కసారి వంగేవాళ్ళు. చూడముచ్చటగా ఉండేది."

అతను చంకలోని తోలు సంచీ విప్పాడు.

"బాంకాక్‌లో మాకొక రేడియో కుర్రాడు దొరికాడు. మంచివాడే. మూడు రోజులు నోరు విప్పలేదు. నాలుగో రోజున ఒక్క ముక్క చెప్పాడు. 'పంతులమ్మ శిష్యుడు' అని. ఐదో రోజు అతను చూడలేదు. దేశంలో పంతులమ్మలు వెయ్యిమంది ఉండొచ్చు. నేను మాత్రం మిమ్మల్నే తలుచుకున్నాను. ఇంగ్లండు వెళ్ళినవాళ్ళ జాబితాలో మీ బడి పేర్లేమీ లేవు. అయితే ఏం, మీవాళ్ళు జ్వరమొస్తే పేరు మార్చేస్తారు. ముఖం మార్చలేరు కదా."

సంచీలోంచి ఒక పెద్ద ఫొటో తీసి చాప మీద పరిచాడు. పద్నాలుగేళ్ళ కిందటి తరగతి ఫొటో. ఇరవై ఇద్దరు మగపిల్లలు, మధ్యలో కుర్చీలో నల్లటి జుట్టు సంగియం. ఇలాంటి ఫొటో ఒకటి ఆవిడ ఇంటి గోడ మీద కూడా ఉండేది. పియన్ వచ్చిన రోజునే తీసి బియ్యం జాడీలో దాచింది. దాచి, పెద్ద పని చేశాననుకుంది.

వెనక వరసలో ఎడమ నించి మూడోవాడు పియన్. వాడి భుజం మీద చెయ్యి వేసుకుని నాలుగోవాడు, బున్‌రోద్.

నిషివాకి జేబులోంచి పెన్నులాంటిది ఒకటి తీసి మూత విప్పాడు. లోపల సన్నటి కత్తి. ఫొటోల మీద మచ్చలు గీకడానికి స్టూడియోవాళ్ళు వాడే కత్తి. పెళ్ళికూతుళ్ళ మొటిమలు ఆ కత్తితోనే గీకి మాయం చేసేవాడు ఒకప్పుడు.

"కనుబొమలుంటే ఒక మనిషి, లేకపోతే ఇంకో మనిషి," అన్నాడు. "ఎంత తెలిసినవాడినైనా పోల్చుకోలేం. అందుకని ఒక్కొక్కళ్ళవే తీసేసి చూస్తాను. స్వామివారు ఇటు వెలుతురు వైపు తిరిగి కూర్చుంటే చాలు."

గీకడం మొదలెట్టాడు. కర్ర్... కర్ర్... కాగితం మీద ఎలక కొరికినట్టు చప్పుడు. ముందు వరసలో మొదటి పిల్లవాడి కనుబొమలు పొడిగా రాలాయి. ఆపైన జుట్టు కూడా గీకాడు. పొడిని నోటితో ఊది, ఫొటో ఎత్తి పియన్ ముఖం పక్కన పెట్టి చూశాడు. కాదు. రెండోవాడు. ఊదాడు. ఎత్తాడు. చూశాడు. కాదు.

సంగియంగారికి ఒక్కొక్కడి పేరూ తెలుసు. వీడు కోమోన్, బజారులో బియ్యం కొట్టు పెట్టుకున్నాడు. వీడు వాచిర, లెక్కలు రాక ఏడ్చేవాడు. వీడు ఫిన్, రైలు మార్గం కూలీలకి వైద్యం చెయ్యబోయి కలరా తగిలి పోయాడు. ఒక్కొక్కడూ గుండుతో, బోసి ముఖంతో ఫొటోలోంచి ఆవిడ వంక చూస్తున్నాడు. అందరినీ ఒకేసారి శవాల వరసలో పడుకోబెట్టినట్టుంది. "ఆపు నాయనా" అందామని నోటిదాకా వచ్చింది. మింగేసింది.

మొదటి వరస అయిపోయింది. రెండో వరస మొదలైంది. గోడ గడియారం పన్నెండు కొట్టింది. నైరుతి దిక్కున మబ్బు కమ్ముకొచ్చి వరండాలో వెలుతురు తగ్గింది. నిషివాకి చాపని ఇంకాస్త అంచుకి లాక్కుని, అక్కడ గీకడం సాగించాడు. తొందరపడటం లేదు. పనివాడు పని చేసుకుంటున్నట్టే ఉన్నాడు.

వెనక వరస. ఎడమ నించి ఒకటి. కాదు. రెండు. నిషివాకి ఊదాడు. ఎత్తాడు. కాదు.

కత్తి మొన మూడో ముఖం మీద ఆనింది.

"ఆగు," అంది సంగియం.

ఆవిడ వేలు ఫొటో మీద పడింది. మూడోవాడి మీద కాదు. నాలుగోవాడి మీద.

"వీడే. ఇంక పసివాళ్ళ ముఖాలు గీకకు. వీడే ఈ స్వామి. నా కొడుకు బున్‌రోద్."

తోంగ్‌యూ నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. నిషివాకి కత్తి ఎత్తి పట్టుకుని ఆవిడ వంక చూశాడు.

"సైన్యంలోంచి పారిపోయి వచ్చాడు. పన్నెండు రోజులయింది. ఒంటి నిండా పుళ్ళు, ఎముకల పోగులా వచ్చి నా మెట్ల మీద పడ్డాడు. పట్టిస్తే కాల్చేస్తారు. అందుకని రాత్రికి రాత్రి పెద్ద స్వామివారి కాళ్ళు పట్టుకుని దీక్ష ఇప్పించాను. చూడటం ఇదే మొదటిసారి అని నీతో అబద్ధం ఆడాను. అవును, ఆడాను. తల్లిని! నువ్వైతే ఏం చేసేవాడివి? కన్నతల్లి మూడుసార్లు కాళ్ళకి మొక్కితే కొత్త సన్యాసి చేతులు లేవకుండా ఉంటాయా? నీకు తల్లి లేదా?"

చెప్తుంటే ఆవిడకి నిజంగానే ఏడుపొచ్చింది. పుళ్ళతో, ఎముకలతో వచ్చి మెట్ల మీద పడిన కొడుకుని రెండేళ్ళుగా ప్రతి రాత్రీ ఊహించుకుంటూనే ఉంది. కొత్తగా కల్పించింది ఏమీ లేదు. ఆ ఊహలో ఉన్నదే చెప్పింది.

నిషివాకి పియన్ వైపు తిరిగాడు. "స్వామీ, మీరు అబద్ధం ఆడకూడదు. ఈవిడ మీ తల్లేనా?"

పియన్ మొదటిసారి కళ్ళెత్తాడు. సంగియంగారు ఊపిరి బిగబట్టింది. వీడికి చిన్నప్పటినించీ అబద్ధం చేతకాదు. పెద్ద స్వామివారు దీక్ష ఇవ్వకపోయినా చేతకాదు.

"నాకు ఊహ తెలిసినప్పటినించీ సాకింది ఈవిడే," అన్నాడు పియన్. "అక్షరాలు దిద్దించింది ఈవిడే. జ్వరమొస్తే రాత్రంతా పక్కన కూర్చుంది ఈవిడే. అమ్మా అని పిలవడానికి నాకు ఇంకెవరూ లేరు."

ఒక్క ముక్కలో అబద్ధం లేదు. సంగియంగారు చీర కొంగులాంటి తన పైబట్ట చివరతో కళ్ళు ఒత్తుకుంది.

నిషివాకి కత్తికి మూత పెట్టాడు.

"చక్కగా చెప్పారు స్వామీ," అన్నాడు. "మీ సైన్యంలోంచి పారిపోయినవాళ్ళ సంగతి మీ సైన్యం చూసుకుంటుంది. అది నా పని కాదు. వెళ్ళి రండి. ఆటు ఉండగానే వెళ్ళండి."

తోంగ్‌యూ బిగబట్టిన ఊపిరి వదిలాడు. ఆ చప్పుడు వరండా అంతా వినిపించింది. పియన్ లేచాడు. ఈసారి వెనక్కి తిరిగి చూడలేదు. మెట్లు దిగి, పడవలో కూర్చుని, తెడ్డు అందుకున్నాడు. పడవ గుంజ నించి విడివడింది. సంగియంగారు స్తంభం పట్టుకుని నిలబడింది. పోతున్నాడు. రెండు గంటల రైలు అందుతుంది. మాట చేరుతుంది. చాలు దేవుడా, ఇంక నన్నేం చేసినా పరవాలేదు అనుకుంది.

"అయితే పంతులమ్మగారూ, నేను మీకు క్షమాపణ చెప్పుకోవాలి," అన్నాడు నిషివాకి, ఫొటో సంచీలో పెట్టుకుంటూ. "ఇంట్లో కొడుకు లేడు, ముసలావిడ బెంగ పెట్టుకుందని విని మీకో కానుక తెచ్చాను. మీ శిష్యుణ్ణి నాకు అప్పగిస్తే దాన్ని మీకిచ్చి పోదామనుకున్నాను. ఇప్పుడది మీకు అక్కర్లేదేమో."

అతను లాంచి వైపు చెయ్యి ఊపాడు. లాంచిలోని సైనికుడు టార్పాలిన్ లాగేశాడు.

లోపల ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. చేతులు ముందుకి కట్టేసి ఉన్నాయి. జుట్టు చెవుల మీదికి పెరిగింది. బుగ్గలు లోపలికి పోయాయి. వెలుతురుకి కళ్ళు చికిలించి, ఇంటి వైపు చూశాడు. సైనికుడు రెక్క పట్టి లేపితే కుంటుకుంటూ మెట్లెక్కాడు. పైమెట్టు మీద నాచు ఉంటుందని తెలిసినవాడిలా దాన్ని దాటి అడుగు వేశాడు.

సంగియంగారికి అతని ముఖం చూడనక్కర్లేకపోయింది. ఆ అడుగు చూడగానే తెలిసిపోయింది.

బతికే ఉన్నాడు! రెండేళ్ళు, నూటనాలుగు బుధవారాలు, నీళ్ళ ధార తెగకుండా వంచింది. చేరింది. బతికే ఉన్నాడు. ఒళ్ళంతా ఒక్కసారి ముందుకి తూలింది. స్తంభం పట్టుకున్న చెయ్యి ఆపింది.

అతను ఆవిడ ముందు మోకాళ్ళ మీద కూలబడ్డాడు. కట్టేసిన చేతులే జోడించి, నుదుటి దాకా ఎత్తాడు.

"అమ్మా," అన్నాడు. "అమ్మా, నేనే."

"పదకొండు రోజుల కిందట కాంచనబురి దగ్గర దొరికాడు," అన్నాడు నిషివాకి. "పారిపోయిన సైనికుణ్ణంటాడు. గూఢచారి అని మావాళ్ళంటారు. ఆంఫవా పంతులమ్మ కొడుకునని ఇతను ఒకటే పాట. ఒట్టి మాట ఎవరు నమ్ముతారు? మీరు అవునంటే ఇప్పుడే కట్లు విప్పి మీ ఇంట్లో వదిలేసి పోతాను, హెడ్డుగారు సాక్షి. కాదంటే మాత్రం ఇతను పేరూ ఊరూ లేని గూఢచారి. సాయంత్రానికి పని అయిపోతుంది."

నిషివాకి కాలవ వైపు చూపించాడు. పియన్ పడవ ఇంకా నాలుగు పడవల దూరం కూడా పోలేదు. తెడ్డు నీళ్ళలో ఆగిపోయి ఉంది. అతను విన్నాడు. ఒళ్ళు బిగుసుకుపోయి కూర్చున్నాడు.

"మీకు ఒక్కడే కొడుకు. ఇతను కొడుకైతే ఆ కాషాయంలో ఉన్నవాడు కాడు. నాకు కావలసిన రుజువు మీ నోటి మాటే పంతులమ్మగారూ. చెప్పండి. ఇతనెవరు?"

తోంగ్‌యూ ముఖం పక్కకి తిప్పుకున్నాడు. అతను బున్‌రోద్‌ని చిన్నప్పుడు భుజాల మీద ఎత్తుకుని పడవ పందేలు చూపించినవాడు. అతని కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. అయినా నోరెత్తలేదు.

సంగియంగారు కొడుకు చేతుల వంక చూసింది. తాడు కోసుకుని మణికట్టు దగ్గర రసి కారుతోంది. పసుపు పెట్టాలి. పసుపూ కొబ్బరి నూనే కలిపి పెడితే మూడు రోజుల్లో మానిపోతుంది. లోపల జాడీలో ఉంది, పది అడుగుల్లో. ఆ తర్వాత కాలవ వంక చూసింది. పడవ కదలడం లేదు. వెధవ, కదలడం లేదు! శుక్రవారం తెల్లవారితే ఎంతమంది తల్లులు, ఎన్ని మెట్ల దగ్గర.

ఆవిడ గొంతెత్తింది. ముప్పయ్యేళ్ళు నలభైమంది పిల్లల అల్లరిని ఒక్క దెబ్బకి ఆపిన గొంతు.

"స్వామీ! పోటు తిరుగుతుంది. బయల్దేరండి!"

తెడ్డు పైకి లేచి, మళ్ళీ నీళ్ళలో పడింది. పడవ కదిలింది.

అప్పుడు ఆవిడ కిందికి చూసింది. కొడుకు కళ్ళలోకి చూడలేదు, నుదుటి మీదికి చూసింది. ఆ నుదుటి మీద చిన్నప్పటి మచ్చ అలాగే ఉంది.

"ఈయనెవరో నాకు తెలీదు," అంది. "పాపం, ఏ తల్లి కన్న బిడ్డో."

నుదుటి దాకా ఎత్తిన చేతులు అలాగే ఉండిపోయాయి. బున్‌రోద్ తల్లి ముఖంలోకి చూశాడు. ఏం విన్నాడో అర్థం కానట్టు, ఇంకోసారి చెబుతుందేమోనన్నట్టు చాలాసేపు చూశాడు. తర్వాత మెల్లగా తల తిప్పి కాలవలోకి చూశాడు. దూరమవుతున్న పడవ, గుండు, కాషాయం, తెడ్డు వేసే ఆ ఎడమచేతి వాటం. ఒకే బెంచీ మీద ఆరేళ్ళు పక్కపక్కన కూర్చున్నవాణ్ణి పోల్చుకోవడానికి అతనికి కనుబొమలు అక్కర్లేదు.

ఎత్తిన చేతులు దించేశాడు.

"అయ్యా," అన్నాడు నిషివాకితో, స్పష్టంగా. "ఆ పడవ ఆపించండి."

(మిగతా వచ్చే వారం)